గేటు బోర్డు మీద రెండు పేర్లు

మా ఆవిడ ఆవకాయ జాడీ మూత మీద బరువుగా పెట్టుకున్న పటాన్ని తీసి తడిగుడ్డతో తుడిస్తే, అది నా డిగ్రీ అని తేలింది. సైన్యం నుంచి రిటైరై నూజివీడు వచ్చి స్థిరపడ్డాక దానితో అవసరం పడడం ఇదే మొదటిసారి. మైలవరం రోడ్డులో ఒక ప్రైవేటు కాలేజీ వాళ్ళు ఆఫీసు పనులు చూసుకోవడానికి మాజీ సైనికాధికారి కావాలన్నారు. నాకూ ఇంట్లో కూర్చుని ఆజ్ఞలు జారీ చెయ్యడం, వాటిని మా ఆవిడ ఖాతరు చెయ్యకపోవడం విసుగెత్తిపోయి, వెళ్ళాను. అక్కడ కంప్యూటర్ ముందున్న కుర్రాడు ఎంతో మర్యాదగా ఒరిజినల్ డిగ్రీ తెమ్మన్నాడు. మర్నాడు నూనె మరకతో సహా పటాన్ని పట్టుకెళ్ళి అతని బల్ల మీద పెట్టాను. అతను దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, తెర మీద చాలాసేపు వెతికి, "సార్, ఏమీ అనుకోకండి, ఈ మిలటరీ డిగ్రీ మా డ్రాప్‌డౌన్ లిస్టులో లేదండీ" అన్నాడు. చివరికి అన్నిటికన్నా అడుగున 'ఇతరములు' అని ఉన్నచోట నొక్కాడు. లెఫ్టినెంట్ కల్నల్‌గా రిటైరైన నేను ఆ విధంగా ఇతరములలో కలిశాను.

బయట మా తమ్ముడు శ్రీధర్ స్కూటర్ మీద నాకోసం ఎదురు చూస్తున్నాడు. సంగతి చెబితే హ్యాండిల్ పట్టుకుని కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వాడు. "నీ డిగ్రీ సంగతి నాన్న అప్పుడే తేల్చేశాడుగా అన్నయ్యా" అన్నాడు. నిజమే. ఆ కుర్రాడు పుట్టకముందే, ఏ కంప్యూటరూ లేకుండా, రెండు బుట్టల రసాలు వెంటేసుకుని వచ్చి మా నాన్న నా డిగ్రీని, నాతోపాటు మా రెజిమెంటులో అందరి డిగ్రీలనీ పరీక్ష చేసి వెళ్ళాడు. దారి పొడుగునా నాకు ఆ రోజులే గుర్తుకొచ్చాయి.

మా నాన్న మామిడి రైతు. ఊరి చివర తోట, తోట ముందే ఇల్లు. వేసవి వచ్చిందంటే మా ఇంట్లో మనుషులకి చోటుండేది కాదు. వసారాలో ఎండుగడ్డి పరిచి మాగేసిన కాయ, వంటింట్లో ఆవపిండి ఘాటు, పొడుగాటి గెడలకి కట్టిన చిక్కాలతో కాయలు కోసి వచ్చిన కూలీల చేతుల మీద సొన వాసన. మేము ఆ గడ్డి పక్కనే చాపలేసుకుని పడుకునేవాళ్ళం. తెల్లారేసరికి మా ఒంటికీ మాగిన కాయ వాసనే. మా అమ్మ దాన్ని వదిలించాలని సున్నిపిండితో రుద్దేది, కానీ జూన్ దాకా అది వదిలేది కాదు. తోటలో కలెక్టరు అనే పుల్లటి రకం కూడా ఉండేది. అది తినడానికి తక్కువ, రసం ఫ్యాక్టరీకి తోలడానికి ఎక్కువ. అందుకే కాబోలు, పెద్ద హోదాలంటే మా ఇంట్లో ఎవరికీ మొదటినుంచీ పెద్ద భయం లేదు.

నాన్నకి ఒక అలవాటుండేది. ఎవరు కాయల బుట్ట చూపించినా పైవరస వైపు చూసేవాడు కాదు. చెయ్యి నిలువునా లోపలికి దూర్చి, అడుగునున్న కాయని తీసి, వాసన చూసి, అప్పుడు మాట్లాడేవాడు. పైన ముద్దొచ్చే కాయలు పేర్చి అడుగున పిందెలు కుక్కడం మా బజారులో అందరికీ తెలిసిన విద్యే. నాన్న డాక్టర్లనీ, పెళ్ళిసంబంధాలనీ, కొత్తగా వచ్చిన పూజారినీ కూడా ఇదే పద్ధతిలో చూసేవాడు. మనిషితో మాటలు కలిపి, కాఫీ ఇప్పించి, అతను ఆదమరిచిన క్షణంలో చెయ్యి అడుక్కి పోనిచ్చేవాడు.

అలాంటి మనిషికి ఒక్క బలహీనత ఉండేది, డిగ్రీ. తను పదో తరగతి దగ్గర ఆగిపోయాడు. మా వైపు గేటు మీద పేరు వెనక బి.ఏ., బి.ఎల్. అని ఉండకపోతే ఆ ఇంటికి గోడలు లేనట్టే లెక్క. పెళ్ళి శుభలేఖల్లో పెళ్ళికొడుకు మేనమామ డిగ్రీ కూడా వేసేవాళ్ళు. నాన్న ఇల్లు కట్టినప్పుడే గేటుకి పెద్ద రేకు బోర్డు చేయించి, పైన తన పేరు రాయించి, కింద సగం ఖాళీగా వదిలేశాడు. ఆ ఖాళీ నాకూ శ్రీధర్‌కీ. నేను ఇంటర్ తర్వాత సైనిక అకాడమీలో చేరి, మూడేళ్ళకి బి.ఎస్సీ. పట్టాతో బయటపడ్డాక, నాన్న పెయింటర్‌ని పిలిపించి నా పేరూ దాని వెనక డిగ్రీ రాయించాడు. పక్కింట్లో ఒక రిటైర్డ్ హెడ్మాస్టరు ఉండేవాడు. ఆయన ఆగి బోర్డు చదివి, "ఇది మామూలు బి.ఎస్సీ.నా, మిలటరీ బి.ఎస్సీ.నా?" అని అడిగి వెళ్ళిపోయాడు. ఆ ఒక్క ప్రశ్నతో మా నాన్న నిద్ర పాడైంది. మిలటరీ హోటల్ అంటే ఏంటో ఆయనకి తెలుసు. మిలటరీ డిగ్రీ అంటే ఏం వడ్డిస్తారో తెలియలేదు.

నిజం చెప్పాలంటే మాకూ తెలియదు. తెల్లవారకముందే లేపి పరిగెత్తించి, తాళ్ళు ఎక్కించి, ఈత కొట్టించి, ఆనక కడుపునిండా టిఫిను పెట్టి ఫ్యాను కింద క్లాసులో కూర్చోబెడితే, ఏ కుర్రాడు ఫిజిక్సు వింటాడు? నిద్రపోతూ కూడా నిటారుగా కూర్చోవడం, పెన్ను జారకుండా పట్టుకోవడం మాకు అబ్బిన మొదటి సైనిక విద్య. మా ప్రొఫెసర్లు దయగలవాళ్ళు, పిల్లలు లేస్తారని బోర్డు మీద కూడా మెల్లిగా రాసేవాళ్ళు. రెజిమెంటుకి వచ్చాక ఎవరూ ఆ డిగ్రీ ఊసెత్తలేదు. ఎత్తితే నవ్వడానికే. మా మెస్‌లో ఆఫీసర్లు మూడు దార్ల నుంచి వచ్చేవారు. మాలాగా చిన్నప్పుడే అకాడమీలో పడి పట్టా తెచ్చుకున్నవాళ్ళు మేమే అసలు సరుకు అనుకునేవాళ్ళం. బయట కాలేజీలో నిజంగా చదువుకుని వచ్చి కొద్ది నెలల శిక్షణతో ఆఫీసరైన నా రూమ్మేట్ దాస్ ఇంజనీరు. ఆ ఇంజనీరింగు డిగ్రీ చూసి మేము జాలిపడేవాళ్ళం, పాపం వీడికి వేరే దారి దొరకలేదని. మూడో దారి సిపాయిగా చేరి, ఏళ్ళ తరబడి పనిచేసి, పరీక్షలు రాసి, క్యాడెట్ కాలేజీలో డిగ్రీ చదివి ఆఫీసరవడం. మా దగ్గర అలాంటివాడు కెప్టెన్ బల్వంత్. నలభైకి దగ్గరపడ్డ మనిషి, ఇద్దరు పిల్లల తండ్రి. మీసాలు మొలుస్తున్న మేమూ ఆయనా ఇంచుమించు ఒకే హోదా. తన డిగ్రీని పటం కట్టించి గోడకి తగిలించుకున్న ఆఫీసరు మొత్తం రెజిమెంటులో ఆయనొక్కడే. ఆ పటం మీద మేమేసిన జోకులకి లెక్కలేదు.

ఇంతలో శ్రీధర్‌కి కూడా అకాడమీలో సీటొచ్చింది. వాడు నాకన్నా చదువులోనూ పరుగులోనూ ముందే. చేరాలంటే తండ్రి సంతకం కావాలి. శిక్షణలో దెబ్బ తగిలి మధ్యలో పంపించేస్తే మాకేమీ అభ్యంతరం లేదని రాసిచ్చే కాగితం అది. నేను చేరినప్పుడు నాన్న చదవకుండానే పెట్టేశాడు. ఈసారి హెడ్మాస్టరు చేత చదివించుకున్నాడు. ఉన్నది ఇద్దరు కొడుకులు. ఒకడు ఎలాగూ పోయాడు. రెండోవాడు కూడా వెళ్ళి కాలో చెయ్యో విరగ్గొట్టుకుని వస్తే, వాడి చేతిలో ఉండే ఆ డిగ్రీకి బజారులో ధర పలుకుతుందా లేదా? అమ్మ ఈ విషయం మీద నోరు విప్పలేదు, అన్నం మాత్రం శబ్దం చేస్తూ వడ్డించింది. శ్రీధర్ రోజూ సంతకం లేని ఆ కాగితం వైపు చూసి తోటలోకి పోయేవాడు. చివరికి నాన్న రెండు బుట్టల చిన్నరసాలు గడ్డిలో పేర్పించుకుని, ఆ కాగితం జేబులో పెట్టుకుని రైలెక్కాడు. కొడుకుని చూడ్డానికి వెళ్తున్నానని ఊళ్ళో చెప్పాడు. వచ్చింది అడుగుకాయ చూడ్డానికి.

మూడు రోజుల ప్రయాణంలో కాయ సరిగ్గా మాగింది. ఆ బోగీ అంతా మా వసారా వాసన వేసింది. మా కమాండింగ్ ఆఫీసరు కల్నల్ మర్యాదస్తుడు, ఆదివారం భోజనానికి నాన్నని మెస్‌కి పిలిచాడు. నేను ఇస్త్రీ చేయించిన లాల్చీ పంచెలో నాన్న కూర్చుంటే, దేశంలోని అన్ని భాషలకీ ఆయనకీ మధ్య నేనొక్కడినే దుబాసిని. భోజనం చివర్లో వంటవాడు రసాలని కత్తితో ముక్కలు చేసి, పింగాణీ పళ్ళాల్లో ఫోర్కులతో సహా తెచ్చాడు. చిన్నరసాన్ని కత్తి పెట్టి కోస్తే ఏమవుతుందో అదే అయింది. కల్నల్ గుజ్జుని ఫోర్కుతో పొడవడానికి రెండుసార్లు ప్రయత్నించి గంభీరంగా నీళ్ళు తాగాడు. నాన్నకి ప్రాణం ఉసూరుమంది. బుట్ట తెప్పించి, ఒక కాయ తీసుకుని, అరచేతుల మధ్య మెల్లిగా పిసికి, తొడిమ దగ్గర కొరికి, మొదటి చుక్క సొన పక్కకి పిండేసి, జుర్రి చూపించాడు. కల్నల్ ఒక్క క్షణం ఆలోచించి తన చేతి బొత్తాలు విప్పుకున్నాడు. ఆ తర్వాత ఎవరూ ఆగలేదు. మోచేతుల దాకా రసం కారుతుంటే ఎవడు మేజరో ఎవడు లెఫ్టినెంటో చెప్పడం కష్టమైంది. నాన్న ఎదురు చూస్తున్న క్షణం అదే.

"ఆయన ఏం చదువుకున్నాడో అడగరా" అన్నాడు, కల్నల్ వైపు చూపించి.

భోజనాల బల్ల దగ్గర అలాంటివి అడగకూడదని మెస్ కట్టుబాటు. నేను నసిగాను. కల్నల్ నా మొహం చూసి ఏంటని అడిగితే చెప్పక తప్పలేదు, ఆయన ఇంగ్లీషులో బదులిచ్చాడు. స్టాఫ్ కాలేజీ అని ఒకటుంది. దానికి పోటీ పరీక్ష రాసి నెగ్గినవాడు పై హోదాలకి వెళ్తాడు, నెగ్గనివాడు మేజరుగా ముసలివాడవుతాడు. అక్కడ ఎం.ఎస్సీ. ఇస్తారు. సిద్ధాంత వ్యాసం కూడా రాయాలి. మరి మీరు దేని మీద రాశారని నాన్న అడిగించాడు. కల్నల్ టెంకని పళ్ళెంలో పెట్టి, చుట్టూ చూసి, ముందు ఏడాది వాళ్ళు రాసినదాని మీద రాశానన్నాడు. బల్ల మొత్తం గొల్లుమంది. ఆ కాలేజీలో పాత బ్యాచీ నోట్సు లేకుండా అడుగు పెట్టేవాడు అమాయకుడట. తనది చదివి మంచి మార్కులు వేసిన ఆయన కూడా తన కాలంలో అదే వ్యాసం ఇచ్చాడట. అంత పరీక్ష నెగ్గి వెళ్ళేది ఆ ఎం.ఎస్సీ. కోసం కాదు, నెగ్గాడన్న పేరు కోసం. పట్టా దానితో పాటు వచ్చే కరివేపాకు. అకాడమీ మేజర్లు తమ డిగ్రీల గురించి అడక్కముందే చేతులెత్తేశారు. నా పక్కనున్న దాస్ మాత్రం, నేను నిజంగా చదివాను సార్, దానివల్ల ఈ బల్ల దగ్గర నాకు ఒరిగిందేమీ లేదు అన్నాడు. నేను ఒక్కొక్కటీ తెలుగులో చెబుతూ ఉంటే నాన్న మొహం వాడిపోతూ వచ్చింది. బుట్ట అడుగున ఏముందో ఆయనకి తెలిసిపోయింది. బల్ల చివర కెప్టెన్ బల్వంత్ చేతులు కడుక్కోవడానికి లేచాడు.

అంతలో దారిన పోతూ భోజనానికి ఆగిన వేరే యూనిట్ మేజరొకడు లోపలికి వచ్చాడు. ఎవరికీ తెలిసినవాడు కాదు. కల్నల్ అతన్ని ఒకే ఒక్క మాట అడిగాడు, ఏ కోర్సు అని. అతనొక నంబరు చెప్పాడు. కల్నల్ ఆ రసం చేతులతోనే లేచి అతన్ని వాటేసుకుని, తన కుర్చీలో కూర్చోబెట్టి, బుట్టలో మిగిలిన మంచికాయలన్నీ అతని ముందుకి తోశాడు. తన తమ్ముడి కోర్సట అతనిది. నాన్న అదంతా కళ్ళార్పకుండా చూశాడు. ఏంటా నంబరని నన్నడిగాడు. అకాడమీలో ఒకేసారి చేరిన బ్యాచీకి ఒక నంబరుంటుందనీ, ఇద్దరు ఆఫీసర్లు కలిస్తే మొదట అడిగేది అదేననీ, చదువు సంగతి జన్మలో అడగరనీ చెప్పాను.

సాయంత్రం బల్వంత్ మా ఇద్దరినీ టీకి పిలిచాడు. చిన్న క్వార్టరు. దేవుడి పటాల పక్కనే, అంతే ఎత్తున, డిగ్రీ పటం. ఆయన భార్య అల్లం టీ ఇచ్చి లోపలికి వెళ్ళింది. ఆయన నాన్న జేబులోంచి తొంగిచూస్తున్న కాగితాన్ని చూసి, వచ్చింది దాని గురించేనా బాబూజీ అని అడిగాడు. నేను తమ్ముడి సీటు సంగతి చెప్పాను. తర్వాత హిందీలో, నేను తెలుగు చెయ్యడానికి వీలుగా ఆగి ఆగి మాట్లాడాడు.

"ఈ పిల్లలు నవ్వుతారు, నవ్వనివ్వండి. వాళ్ళకి డిగ్రీ యూనిఫాంతో పాటు ఊరికే వచ్చింది. నేను వీళ్ళ బూట్లు పాలిష్ చేసే చోట కూర్చుని చదివాను. యూనిఫాం తీసేసినా వాళ్ళు దొరలే. నాకు మిగిలేది ఈ పటమే." టీ గ్లాసు కింద పెట్టి, "మీ అబ్బాయి వెళ్తే క్లాసులో మెలకువగా ఉండమనండి. కానీ ఒకటి తెలుసుకుని సంతకం పెట్టండి. పట్టా చివరిరోజు ఇస్తారు. మధ్యలో పడిపోయినవాడికి ఏమీ ఇవ్వరు" అన్నాడు.

నేను ఆ చివరి మాటని కాస్త మెత్తగా చెబుదామనుకున్నాను. నాన్న నా మొహం చూసి, ఉన్నదున్నట్టు చెప్పమన్నాడు. చెప్పాను. తిరిగి నడిచి వచ్చాక నాన్న నా గది మెట్ల మీద కూర్చుని అడిగాడు.

"పట్టా చివరిరోజు ఇస్తారు. మరి ఆ నంబరు ఎప్పుడిస్తారా?"

"మొదటిరోజే ఇస్తారు నాన్నా."

"మధ్యలో వచ్చేసినవాడి దగ్గర మళ్ళీ తీసేసుకుంటారా?"

అలా ఎవరూ తీసుకోలేరనీ, చేరిన రోజు నుంచి చచ్చేదాకా వాడు ఆ కోర్సువాడేననీ చెప్పాను. నాన్న కాగితం మోకాలి మీద పెట్టుకుని నా పెన్ను అడిగాడు.

శ్రీధర్ వెళ్ళాడు. మా బ్యాచీలో ఎవడూ చెయ్యని పని చేశాడు, క్లాసులో మెలకువగా ఉన్నాడు. పరీక్షల్లో పైవరసలో ఉండేవాడు. చివరి టర్మ్ ఇంకా మొదలవ్వాల్సి ఉండగా, గోడ దూకే శిక్షణలో మోకాలు నుజ్జయింది. ఆసుపత్రి, మెడికల్ బోర్డు, చేతికర్ర, ఇంటికి రైలు టిక్కెట్టు. బల్వంత్ చెప్పినట్టే, చేతిలో ఏ పట్టా లేదు. నాన్న నూజివీడు బస్టాండుకి వెళ్ళి వాణ్ణి దింపుకుని తెచ్చాడు. వాడు గేటు వైపు, గేటు మీద ఖాళీ వైపు చూడకుండా పక్కదారిన తోటలోకి వెళ్ళిపోయాడని అమ్మ నాకు రాసింది. తర్వాత నెలల తరబడి వాడు మనుషులున్నచోట అన్నం తినలేదు. హెడ్మాస్టరు వచ్చి డిగ్రీ కాలేజీలో మళ్ళీ మొదటి ఏడాది చేర్చమని సలహా ఇచ్చి వెళ్ళాడు. నేను సెలవులో వచ్చి అదే మాట అంటే, "మళ్ళీ మెలకువగా కూర్చునే ఓపిక లేదన్నయ్యా" అన్నాడు. ఆ మాటకి నాకు ఏడుపొచ్చింది. ఆ వయసులో తమ్ముడి ముందు ఏడవలేక కాయలు ఏరే వంకతో లేచిపోయాను.

ఆ సెలవులోనే నాన్న ఒకరోజు, శ్రీధర్ వాళ్ళ కోర్సుకి పట్టాలిచ్చేది ఎప్పుడని అడిగాడు. చెప్పాను. సరిగ్గా ఆ పొద్దున పెయింటరు డబ్బాలు పట్టుకుని గేటు ముందు దిగాడు. శ్రీధర్ పేరు అందంగా రాసి, కుంచె పట్టుకుని ఆగాడు. చినబాబుగారికి డిగ్రీ ఏం వెయ్యమంటారండీ అని అడిగాడు. నాన్న తడుముకోకుండా నంబరు చెప్పాడు. పక్కన కోర్సు అని రాయి, ఇంకేం వద్దన్నాడు. టైపు కోర్సా అండీ అని పెయింటరు అడిగితే, నీకెందుకు, రాయవోయ్ అన్నాడు. చప్పుడు విని శ్రీధర్ చేతికర్రతో తోటలోంచి వచ్చాడు. తడి ఆరని అక్షరాలని చాలాసేపు చూశాడు.

"నేను పూర్తి చెయ్యలేదు కదా నాన్నా."

"నంబరు మొదటిరోజే ఇస్తారంట గదా" అన్నాడు నాన్న. "మీ అన్నయ్య చెప్పాడు."

శ్రీధర్ అక్కడే, గేటు పక్కన అరుగు మీద కూర్చున్నాడు. అమ్మ లోపల్నించి అన్నం కంచం తెచ్చి చేతికిచ్చింది. వీధిలో పోయే వాళ్ళందరూ చూస్తుండగా వాడు తిన్నాడు.

ఆ వేసవిలోనే వాడి కోర్సువాళ్ళు అయిదారుగురు మా ఇంటి మీద పడ్డారు. వసారాలో గడ్డి మీద మాగేసిన కాయలతో పాటు దొర్లి, బుట్టలు ఖాళీ చేసి, వాణ్ణి అకాడమీ ముద్దుపేరుతో బండబూతులు తిట్టి వెళ్ళారు. అప్పట్నించి ఏ వేసవీ మానలేదు. ఇప్పుడు వాళ్ళలో కొందరు జనరళ్ళు, పేర్ల వెనక రైలు బోగీల్లా డిగ్రీలు. స్టాఫ్ కాలేజీది ఒకటి, ఆ పైకాలేజీది ఇంకొకటి, రిటైరయ్యే ముందు ఉద్యోగాల కోసం చేసిన మేనేజ్‌మెంటుది మరొకటి. ఈ రోజుల్లో పిల్ల లెఫ్టినెంట్లు కూడా తమ చదువులన్నీ ఇంటర్నెట్లో ఎక్కించుకుంటున్నారు. మా కాలంలో దాన్ని సిగ్గులేనితనం అనేవాళ్ళం. ఇప్పుడు నేనే కాలేజీ గుమ్మంలో పటం పట్టుకుని నిలబడ్డాను కాబట్టి ఏమీ అనను. వాళ్ళ కోర్సు వాట్సాప్ గ్రూపుకి మాత్రం అడ్మిన్ మా తమ్ముడే. పొద్దున్నే పువ్వుల బొమ్మలు పంపుతున్నాడని మొన్న ఒక మేజర్ జనరల్‌ని వారం రోజులు గ్రూపులోంచి తీసేశాడు. ఆయన క్షమాపణ చెప్పుకుని, మామిడికాయలకి వేళయిందా అని అడిగి, మళ్ళీ లోపలికొచ్చాడు.

కాలేజీ నుంచి తిరిగొచ్చి స్కూటర్ దిగేటప్పుడు బోర్డు చూశాను. నాన్న పోయాక ఏటా కోతలు మొదలయ్యే ముందు దానికి రంగు వేసేది శ్రీధరే. నాన్న పేరు, తన పేరు, పక్కన నంబరు నిన్న రాసినట్టు నిగనిగలాడుతున్నాయి. నా పేరు వెనక బి.ఎస్సీ. మాత్రం పూర్తిగా వెలిసిపోయి, ఉందో లేదో తెలియకుండా ఉంది. అదేంట్రా అని అడిగాను. ఏటా అక్కడికొచ్చేసరికి రంగు అయిపోతోందన్నయ్యా అని, కర్ర టకటకలాడించుకుంటూ తోటలోకి వెళ్ళిపోయాడు.